సవరణ: లైను విరిచే గుర్తు అది కాదు

మొన్నటి పోస్టులో తప్పు రాశాను. గవర్నరుపేటలో మా డీటీపీ షాపుకొచ్చిన పెళ్లికార్డులో ఒక పొడుగాటి మాట మార్జిన్ దాటిపోతుంటే, మధ్యలో జీరో విడ్త్ నాన్‌జాయినర్ అనే కనపడని గుర్తు పెట్టండి, లైను అక్కడ విరుగుతుంది అన్నాను కదా. విరగదు. ‘సాఫ్ట్‌వేర్’ అని కొట్టేటప్పుడు ట కింద వ వత్తు పడకుండా ఆపేదే అది, లైనుతో దానికి పనిలేదు. విరగడానికి వీలిచ్చేది జీరో విడ్త్ స్పేస్, కంప్యూటర్ అక్షరాలకి వాడే నంబర్ల పట్టిక అయిన యూనికోడ్‌లో 200బి. నేను చెప్పింది 200సి. పక్కపక్క నంబర్లు, అదీ నా సాకు! కానీ ఈ జీరో విడ్త్ స్పేస్ కంటికి కనపడదు, ఫైల్లో ఉండిపోతుంది, తర్వాత ఆ మాట వెతికితే దొరక్కపోవచ్చు, కాబట్టి ప్రింటుకిచ్చే కాపీలోనే పెట్టండి.

తెలుగులో ఏ అక్షరం తర్వాతైనా సాఫ్ట్‌వేర్ లైను మారుస్తుందన్నదీ తప్పే. చైనీస్, జపనీస్‌లో చాలావరకు అంతే గానీ, మనకి మామూలుగా ఇంగ్లీషులాగే మాటల మధ్య ఖాళీ దగ్గరే. థాయ్‌లో ఆ ఖాళీలు ఉండవు, అందుకని సాఫ్ట్‌వేర్ పాపం డిక్షనరీ పెట్టుకుని మాటలు వెతుక్కుంటుంది.

‘శ్రీ’ ఒక లైన్లో, పేరు కింద లైన్లో పడకూడదంటే వర్డ్‌లో రెండింటి మధ్య మామూలు స్పేస్ బదులు కంట్రోల్, షిఫ్ట్, స్పేస్ కలిపి నొక్కండి. ఇది మాత్రం మొన్న సరిగ్గానే చెప్పాను.