ఇద్దరతిథులు, ఒకే కుర్చీ

అభిమానుల సమ్మేళనం తొలి సన్నాహక సమావేశానికి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లిన పాపానికి నాకు ఆన్‌లైన్ గేముల విభాగాన్ని అంటగట్టారు. వేళకు వచ్చినవారు సినిమాలను, కామిక్స్‌ను, వేషధారణ పోటీని అప్పటికే పంచేసుకున్నారు. బోర్డు మీద ఆన్‌లైన్ గేముల గడి ఒక్కటే ఖాళీగా మిగిలింది. దాని ఎదురుగా నా పేరు రాసేసిన తరువాత నా అభిప్రాయం అడిగారు. "రాత్రంతా ఆడుతూనే ఉంటారు కదండీ, మీకిది నల్లేరు మీద బండి నడక" అన్నారు అధ్యక్షురాలు.

నేనూ అలాగే అనుకున్నాను. ఒకప్పుడు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో మోల్టెన్ కోర్ అనే అగ్నిగుహలోకి నలభై మంది ఆటగాళ్లను ఒకేసారి నడిపించిన అనుభవం నాకుంది. దెబ్బలు కాచుకునే ట్యాంకులు ఎక్కడ నిలబడాలో, వారి ప్రాణం నిలబెట్టే హీలర్లు ఎంత దూరంలో ఉండాలో, ఎవరి మీద శాపం పడితే వారు ఎటు పరుగెత్తాలో చెప్పి చేయించినవాడికి, నలుగురు అతిథులను ఒక బల్ల వెనక ఉదయం 11 గంటలకు కూర్చోబెట్టడం ఒక లెక్కా అనిపించింది. రెయిడ్ అనే అలాంటి ఉమ్మడి దాడిలో మాట వినని మనిషిని ఒక్క క్లిక్కుతో జట్టులోంచి తీసేయవచ్చుననీ, వేదిక మీద ఆ మీట ఉండదనీ అప్పటికి నాకు తట్టలేదు.

ముందుగా ఏయే ప్యానెళ్లు పెట్టాలో తేల్చుకోవలసి వచ్చింది. 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టిన 'మడ్' అనే అక్షరాల ఆటను ఆయనతో కలిసి తీర్చిదిద్దిన రిచర్డ్ బార్టిల్, 1996లో రాసిన ఒక వ్యాసంలో ఆటగాళ్లను పేకముక్కల రంగులతో పోల్చి నాలుగు జాతులుగా విడదీశారు. సంపదలూ స్థాయులూ పోగేసేవారు డైమన్లు, మూలమూలా తవ్వి చూసేవారు ఇస్పేట్లు, కబుర్ల కోసమే వచ్చేవారు ఆఠీన్లు, ఎదుటివారి నెత్తిన మోదితే తప్ప నిద్రపట్టనివారు కళావర్లు. జాతికొక ప్యానెల్ చొప్పున పెడదామని నేను చదివి వినిపిస్తూ ఉండగానే మా కార్యవర్గం కూడా నాలుగు రంగులుగా విడిపోయింది. ఒకరు తమ విభాగానికి ఎన్ని గంటలు దక్కాయో లెక్కపెట్టుకోవడంలో మునిగారు. ఒకరు భవనం పటంలో ఎవరూ వాడని నేలమాళిగ గదిని కనిపెట్టారు. ఇద్దరు మొదటి నుంచీ కబుర్లలోనే ఉన్నారు. వేషధారణ పోటీ బాధ్యులు మాత్రం చడీచప్పుడు లేకుండా నా శనివారం మధ్యాహ్నాన్ని తమ గడిలోకి లాగేసుకున్నారు.

తక్కిన ప్యానెళ్ల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 2005 సెప్టెంబరులో అదే వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో హక్కార్ అనే క్రూరదైవం అంటించే 'కరప్టెడ్ బ్లడ్' శాపం, వేటగాళ్ల పెంపుడు జంతువులను ఆశ్రయించుకుని యుద్ధభూమి దాటి, నగరాలకు పాకి, వీధుల నిండా ఎముకలు పరిచింది. అంటువ్యాధులను పరిశోధించేవారు సైతం ఆ ఉదంతాన్ని ఆసక్తితో పరిశీలించారు. దాని మీద ప్యానెల్ పెట్టిన రోజుకు, సమ్మేళనాల్లో ఎప్పుడూ ఉండే జలుబు ముగ్గురు వక్తల్లో ఇద్దరికి సోకి, వారు మైకులోకి దగ్గడం తప్ప మరేమీ చేయలేకపోయారు. విషయానికి తగిన ప్రదర్శనేనని శ్రోతలు చప్పట్లు కొట్టారు. మూడో వక్త మరో ఖండం నుంచి వీడియోలో మాట్లాడవలసినవారు. వారి దేశంలో ఆ రోజే గడియారాలను గంట వెనక్కి తిప్పిన సంగతి మా పట్టికకు తెలియదు. అందువల్ల ఆయన యాభై నిమిషాల ప్యానెల్ ముగిసిన పది నిమిషాలకు తెర మీద ప్రత్యక్షమై, ఖాళీ కుర్చీలకు సవినయంగా నమస్కరించారు.

ఈవ్ ఆన్‌లైన్ గురించి మాట్లాడవలసిన అతిథి మాత్రం సన్నాహాల సమయంలోనే నన్ను హెచ్చరించారు. 2014 జనవరిలో ఆ ఆటలో బీ-ఆర్5ఆర్‌బీ అనే నక్షత్రమండలం మీద హక్కు నిలుపుకోవడానికి కట్టవలసిన రుసుము వేళకు చెల్లకపోవడంతో రేగిన పోరు దాదాపు 21 గంటలు సాగి, టైటాన్లనే మహానౌకలను 75 దాకా బూడిద చేసిందట. "ఒక్క చిన్న గడిని పట్టించుకోకపోతే ఇంత జరుగుతుందండీ" అని ఆయన ఫోనులో చెబుతుంటే, నేను ఇవతల తల ఊపుతూ అతిథుల వివరాల పత్రం తయారుచేస్తున్నాను. గేమర్లు ఆటలోని పేరుతోనే పిలిపించుకోవడానికి ఇష్టపడతారనే మర్యాద కొద్దీ, అందులోంచి 'అసలు పేరు' అనే గడిని ఆ నిమిషంలోనే తీసేశాను.

అల్టిమా ఆన్‌లైన్ 1997లో మొదలైన నాటి నుంచీ ఆన్‌లైన్ గేముల్లో ఒక తగవు నలుగుతూనే ఉంది. ఒక ఆటగాడు మరొకరిని వారి ఇష్టంతో పని లేకుండా చంపవచ్చునా అన్నదే ఆ తగవు. ఆ ఆట ఇంకా పరీక్ష దశలో ఉండగానే, దాని సృష్టికర్త రిచర్డ్ గారియట్ లార్డ్ బ్రిటిష్ అనే రాజు వేషంలో ప్రజలకు దర్శనమిస్తుంటే, ఒక ఆటగాడు నిప్పుమంత్రం ప్రయోగించి ఆయనను అక్కడికక్కడే చంపేశాడు. రాజుకే దిక్కులేనప్పుడు గనిలో ఇనుము తవ్వుకునే బడుగుజీవి గతేమిటి? ఆట మొదలయ్యాక ఆ గగ్గోలు పెరిగి పెరిగి, 2000లో ఆ ప్రపంచాన్నే ఫెలుక్కా, ట్రామెల్ అని రెండుగా చేసి, రెండోదానిలో ఇష్టం లేని హత్యలకు అడ్డుకట్ట వేశారు. హత్యలు ఆగాయి కాని తగవు ఆగలేదు. దీని మీద ఒక వాదోపవాదం పెడితే సభ కిక్కిరిసిపోతుందని నా ఆశ.

చాలా ఏళ్లుగా నేనాడుతున్న ఒక గేములో ఇందుకు అచ్చంగా సరిపోయే ప్రసిద్ధులు ఇద్దరున్నారు. ఒకరు హీలర్. కొట్లాట ముగిసిన చోట తెల్లని వస్త్రాలతో ప్రత్యక్షమై, పడిపోయినవారిని ఊరూ పేరూ అడగకుండా బతికించి వెళ్లిపోయే కరుణామూర్తి ఆమె. మరొకరు హంతకుడు. చెట్టు చాటు నుంచి వచ్చి వెన్నులో పొడిచి, మూట విప్పుకుని పోయే దుర్మార్గుడు. ఆ పేరు చాట్‌లో కనిపిస్తే చాలు, మా గిల్డ్‌లో, అంటే ఆటలోని మా జట్టులో, సగం మందికి హఠాత్తుగా ఇంటి పనులు గుర్తొచ్చేవి. ఇద్దరికీ విడివిడిగా ఆహ్వానాలు పంపాను. ఇద్దరూ మర్నాడే ఒప్పుకున్నారు.

హీలర్ రాసే ఉత్తరాలు "మాన్య నిర్వాహకులకు" అని మొదలై రెండు పేజీలు సాగేవి. హంతకుడి జవాబులు రెండు ముక్కల్లో తేలిపోయేవి. ఉదాహరణకు, తొలి జవాబు "వస్తాను. కాచుకోమనండి" అని మాత్రమే ఉంది. అయితే ఇద్దరూ ఒకే కోరిక కోరారు. ఎడమ చెవి సరిగా వినిపించదు కనుక, తమకు ఎడమపక్క ఎవరూ లేకుండా కొసన ఉన్న కుర్చీయే కావాలన్నారు. ఏళ్ల తరబడి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఎవరికైనా అంతే కాబోలునని నేను జాలిపడ్డాను. వేదికకు ఆ కొస ఒక్కటే కదా, ఆ ఇబ్బందిని ఇద్దరికీ విన్నవించుకున్నాను. "పాపం, ఆయనకే ఇవ్వండి, నేను సర్దుకుంటాను" అని సాయంత్రం హీలర్ రాశారు. "ఆమెకే ఇవ్వండి" అని రాత్రి హంతకుడు రాశాడు. బద్ధశత్రువుల మధ్య ఇంతటి సౌజన్యం ఉంటుందా అని ఆ రెండు ఉత్తరాలూ కార్యవర్గ సమావేశంలో గొంతు వణుకుతుండగా చదివాను. కబుర్ల బాపతు ఇద్దరు సైతం మాటలాపి విన్నారు.

అయినా జాగ్రత్త జాగ్రత్తే. ఇద్దరూ ఒకే రైలులో వస్తున్నామని రాయడంతో నాకు గుండె దడ పట్టుకుంది. దారిలో తారసపడి ఉన్న వాదమంతా అక్కడే అయిపోతే వేదిక మీద ఏం మిగులుతుంది? హీలర్‌కు మూడో అంతస్తులో, హంతకుడికి ఏడో అంతస్తులో గదులు తీసి, చెరొక వాలంటీరును స్టేషనుకు పంపి, ఇద్దరినీ ఒకే లిఫ్టు ఎక్కనివ్వవద్దని గట్టిగా చెప్పాను. మొదటి వాలంటీరు పావుగంటలో ఫోన్ చేసి హీలర్ గారు దిగారని చెప్పింది. రెండోవాడి గొంతులో మాత్రం కంగారు వినిపించింది. "వచ్చేశానని మెసేజ్ పెట్టారండీ, కానీ మనిషి కనిపించడం లేదు" అన్నాడు. "కనిపించకపోవడమే కదయ్యా ఆయన వృత్తి" అని నేను గర్వంగా జవాబిచ్చాను.

ఉదయం 11 గంటలకు హాలు నిండిపోయింది. కొస కుర్చీలో హీలర్ కూర్చున్నారు. నేను ఊహించుకున్న తెల్ల వస్త్రాల యువతికి బదులు, నెరిసిన జుట్టుతో, దారం కట్టిన కళ్లజోడుతో, ఒడిలో పెద్ద గుడ్డసంచితో ఉన్న పెద్దావిడ కనిపించారు. ఆమె కుడిపక్క హంతకుడి కుర్చీ, నీళ్ల సీసా, పేరు రాసిన అట్ట, అన్నీ ఉన్నాయి, హంతకుడు లేడు. మోడరేటరును నేనే కనుక నిలబడి, "మరొక్క రెండు నిమిషాలు చూద్దామండీ" అని మూడుసార్లు అన్నాను. నాలుగోసారి అనబోతుంటే ఆమె మైకును పక్కకు జరిపి, నా వైపు వంగి, "వచ్చేశాడు బాబూ" అన్నారు.

"ఎక్కడండీ?" అని నేను తలుపు వైపు చూశాను.

ఆమె మెడలో వేలాడుతున్న బ్యాడ్జీని రెండు వేళ్లతో పట్టుకుని నెమ్మదిగా తిప్పారు. ముందువైపు ఆకుపచ్చ అంచుతో హీలర్ పేరు, వెనకవైపు ఎర్ర అంచుతో హంతకుడి పేరు. రెండు బ్యాడ్జీలనూ వీపులు కలిపి, అంచులు సరిగ్గా కలిసేలా టేపు వేసి, ఒకే దారానికి తగిలించుకున్నారు.

"ముందే ఒక్క మాట చెప్పవలసింది కదండీ" అన్నాను, నీరసంగా.

"ఇద్దరినీ అంత మర్యాదగా విడివిడిగా పిలిచారు. ఒకరు వచ్చి ఒకరు రాకపోతే ఏం బాగుంటుంది? పైగా మీ పత్రంలో అసలు పేరు ఎక్కడా అడగలేదు" అన్నారామె.

వాదోపవాదం రద్దు చేద్దామనుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు. కుర్చీ కదలకుండానే బ్యాడ్జీని ఆకుపచ్చవైపు తిప్పి, బలహీనులను వేటాడే ఆట కొత్తవారిని తరిమేస్తుందనీ, కొత్తవారు లేని ప్రపంచం శ్మశానమనీ పది నిమిషాలు మృదువుగా మాట్లాడారు. ఎరుపువైపు తిప్పి, ప్రమాదం లేని అడవి వట్టి తోట అనీ, తాను పొడవకపోతే ఈ హీలరమ్మకు పనెక్కడిదనీ గొంతు పెంచారు. మధ్యలో తన మాటకు తానే అడ్డు తగిలి, తనను తానే గద్దించుకున్నారు. హంతకుడి సమయం అయిపోయిందని నేను అట్ట చూపిస్తే, వెంటనే ఆకుపచ్చవైపు తిప్పి, "నా సమయంలో ఐదు నిమిషాలు ఆయనకు ఇస్తున్నాను" అని, మళ్లీ ఎరుపువైపు తిప్పారు. నిబంధనల్లో దీనికి అడ్డేమీ లేదు. నేను ప్రశ్నలకు పిలిచేంత వరకూ ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.

మూడో వరుసలోంచి ఒక నడివయస్కుడు లేచి మైకు అందుకున్నాడు. అతని చేయి కొద్దిగా వణుకుతోంది. "అమ్మా, ఉత్తరపు వంతెన దగ్గర ఈ హంతకుడు నన్ను నాలుగుసార్లు చంపాడు. ప్రతిసారీ ఐదు నిమిషాల్లో మీరే వచ్చి బతికించారు. ఆ కృతజ్ఞతతో నా దగ్గరున్న రత్నాలన్నీ మీకు పంపాను. గుర్తున్నానా?"

"గుర్తులేకపోవడమేమిటి నాయనా" అన్నారు హీలర్ ఆప్యాయంగా. తరువాత బ్యాడ్జీ తిప్పారు. "ఆ రత్నాలు పెట్టే నాకు ఈవిడ కొత్త కత్తి కొనిపెట్టింది."

హాలు ఘొల్లుమంది. అతను కూడా నవ్వాడు కానీ, నవ్వడానికి ముందు కాసేపు లెక్క వేసుకున్నట్లు కనిపించాడు. వెనక నుంచి ఎవరో, ఇన్నేళ్లలో హీలర్‌ను హంతకుడు ఒక్కసారైనా ఎందుకు చంపలేదని అడిగారు. "ఎప్పుడు చూసినా ఆవిడ ఆఫ్‌లైన్‌లోనే ఉండేది" అని ఎరుపువైపు నుంచి జవాబు వచ్చింది.

సభ ముగిశాక రెండు జ్ఞాపికలూ గుడ్డసంచిలో వేసుకుని ఆమె లిఫ్టు వైపు నడిచారు. ఏడో అంతస్తు గది తాళం తిరిగి ఇచ్చేస్తారా అని అడిగితే, ఉదయం దాకా ఆయనను కదిలించవద్దనీ, రాత్రంతా మేలుకోవడం ఆయనకు అలవాటనీ చెప్పి తలుపు మూసుకున్నారు.

ఈ ఖర్చుకు లెక్క చెప్పుకోవడానికి కార్యవర్గం ముందు నిలబడినప్పుడు, ఒకే మనిషికి రెండు గదులెందుకని ఎవరూ అడగలేదు. వచ్చే ఏడాది కూడా ఆ ఇద్దరినీ తప్పకుండా పిలవమని మాత్రం తీర్మానించారు. మర్నాడు నాకు రెండు ఉత్తరాలు వచ్చాయి. మొదటిది ఏర్పాట్లను, వాలంటీర్ల వినయాన్ని, కొస కుర్చీని మెచ్చుకుంటూ రెండు పేజీలు సాగింది. రెండోది హంతకుడి ధోరణికి విరుద్ధంగా కాస్త పొడవుగానే ఉంది. మోడరేటర్ ఆద్యంతం హీలర్ పక్షమే వహించారనీ, వచ్చేసారి తటస్థంగా ఉండే మనిషిని పెట్టాలనీ, తనకు బాగా తెలిసినవారు ఒకరున్నారనీ రాసి, కింద ఒక కొత్త ఐడీ ఇచ్చాడు. ఆ ఐడీకి ఆహ్వానం పంపాను. తప్పకుండా వస్తామనీ, అయితే ఎడమ చెవి సరిగా వినిపించదనీ జవాబు వచ్చింది.