సెలైన్‌కు పథ్యం

నల్లగొండ ఎండలో బతికేవాడికి ఉప్పు తగ్గించమని చెప్పాలంటే గుండెధైర్యం కావాలి. మా డాక్టరుకు అది దండిగా ఉంది. నా బీపీ 150/96 చూసి, రోజుకు 5 గ్రాములు దాటకూడదన్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు కూడా అదే, రమారమి ఒక టీ చెంచాడు. ఆయన చెప్పింది నాకు, విన్నది మా ఆవిడ. ముప్ఫై ఏళ్ళుగా బడిలో సాంఘిక శాస్త్రం చెబుతున్న మనిషి. హద్దులు గీయడం ఆమె వృత్తి.

ఆ సాయంత్రమే ఉప్పు డబ్బా బీరువాలోకి, మామిడికాయ తొక్కు జాడీ అటక మీదికి వెళ్ళిపోయాయి. ఉప్పులేని పచ్చిపులుసు ఎలా ఉంటుందో తెలియనివాళ్ళు, చింతపండు కడిగిన నీళ్ళలో ఉల్లిపాయ ముక్కలు వేసుకుని చూడవచ్చు. చప్పిడి తిండికి కడుపు ఉబ్బరం పట్టుకుందని నాకు నేనే తేల్చుకుని, రోజుకు రెండు గ్యాసు పొట్లాలు చాటుగా తాగడం మొదలుపెట్టాను. నీళ్ళలో వేయగానే బుసబుస పొంగేది. నాలుకకు కాస్త పుల్లగా, మరికాస్త ఉప్పగా, ప్రాణం లేచివచ్చేది. పొట్లం మీద 'స్వర్జిక్షారం, నింబుకామ్లం' అని ఉంది. సంస్కృతంలో రాసినదేదీ బీపీ పెంచదని నా నమ్మకం.

మే నెలలో మిర్యాలగూడకు ఒక పెళ్ళికి వెళ్ళాం. భోజనంలో ఏది వికటించిందో చెప్పలేను, అన్నీ రెండేసిసార్లు వడ్డించుకున్నాను. ఇంటికి వచ్చాక అర్ధరాత్రి నుంచి ఒకటే విరేచనాలు. అబ్బాయి పరుగున వెళ్ళి ఓఆర్ఎస్ పొట్లాలు తెచ్చాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని వెనకవైపు చదివింది.

"సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు. సోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. ఉప్పు మీద ఉప్పు. ఈయనకు పనికిరాదు."

గ్లూకోజూ సోడియమూ జంటగా పేగు గోడ దాటితే, వాటి వెంట నీళ్ళూ వెళతాయని అబ్బాయి చెప్పబోయాడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో దిలీప్ మహలనబీస్ అనే డాక్టరు ఇలాంటి ఉప్పూ గ్లూకోజు నీళ్ళతోనే కలరా రోగులను కాపాడాడని కూడా అన్నాడు.

"వాళ్ళకు మీ నాన్నంత బీపీ లేదులే" అని ఆవిడ విచారణ ముగించింది.

దాంతో తెల్లవారేదాకా కుండలో నీళ్ళే తాగాను, చెంబులకు చెంబులు. ఒంట్లోంచి పోయింది ఉప్పూ నీళ్ళూ, చేరింది ఉత్త నీళ్ళు. పొద్దున లేచి నిలబడితే ఇల్లంతా మా ఉదయసముద్రం చెరువులో పుట్టిలా గిర్రున తిరిగింది.

ఆసుపత్రిలో రక్తపరీక్ష చేశారు. సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి, నాకు 128 ఉంది. "ఉప్పు పడిపోయింది, సెలైన్ పెట్టండి" అన్నాడు అక్కడి డాక్టరు. సిస్టరు సీసా వేలాడదీసింది. ఆవిడ కళ్ళజోడు బయటికి వచ్చింది.

"0.9 శాతమంటే అర లీటరులో నాలుగున్నర గ్రాములు. ఒక్క సీసాతో ఈయన రోజు కోటా అయిపోయింది. మార్చండి."

సిస్టరు ఓర్పుగల పిల్ల. ఆర్.ఎల్., అంటే రింగర్ లాక్టేట్ సీసా తెచ్చి చూపించింది. అందులో సోడియం క్లోరైడ్‌కు తోడు సోడియం లాక్టేట్ కూడా ఉంది. "ఒకటి వద్దంటే రెండు తెచ్చావు" అంది ఆవిడ. పోనీ గ్లూకోజు పెట్టమంది. వచ్చింది డీఎన్ఎస్. గ్లూకోజు ఉంది, దానితో పాటు అదే 0.9 శాతం ఉప్పూ ఉంది. ఇక ఆగలేక, పరీక్ష పేపర్లు దిద్దినట్టు పళ్ళెంలోని మందు సీసాలన్నీ తిప్పి తిప్పి చూసింది. పాంటప్రజోల్ సోడియం. సెఫ్ట్రియాక్సోన్ సోడియం.

"ఈ ఆసుపత్రిలో సోడియం లేనిది ఏదైనా ఉందా అమ్మా?"

"బిల్లు" అన్నాడు పక్క మంచం మీది పెద్దాయన, కళ్ళు తెరవకుండానే.

డాక్టరు వచ్చి, రక్తానికి సమానంగా ఉండాలనే సెలైన్‌లో అంత ఉప్పు కలుపుతారని, ఉత్త నీళ్ళు నరంలోకి ఎక్కిస్తే రక్తకణాలు ఉబ్బి పగులుతాయని చెప్పాడు. ఆవిడ మెత్తబడుతోంది. సరిగ్గా అప్పుడే సిస్టరు బీపీ చూడడానికి నా చొక్కా చెయ్యి పైకి మడిచింది. జేబులోంచి రెండు పొట్లాలు జారి నేల మీద పడ్డాయి.

స్వర్జిక్షారమంటే ఏమిటో అబ్బాయి ఫోనులో వెతికాడు. సోడియం బైకార్బొనేట్, అదే మన తినే సోడా. పొట్లం 5 గ్రాములు, అందులో దాదాపు సగం అదే. రోజుకు రెండు తాగితే, 3 గ్రాముల ఉప్పులో ఉండే సోడియం ఒంట్లోకి వెళ్ళినట్టు. ఆవిడ నలభై రోజులకు గుణించింది. 120 గ్రాములు. ఆ తరువాత చాలాసేపు సెలైన్ చుక్కల చప్పుడు కూడా వినబడింది.

"సిస్టరమ్మా, ఇంకో సీసా పెట్టినా పరవాలేదు. ఈయన అలవాటు పడ్డ మనిషే."

ఇంటికి వచ్చాక ఆవిడ చూపు పళ్ళపేస్టు మీద పడింది. సోడియం లారిల్ సల్ఫేట్, సోడియం ఫ్లోరైడ్. "నల్లగొండలో పుట్టినవాళ్ళు ఫ్లోరైడ్‌ను డబ్బిచ్చి కొనుక్కోవాలా?" అని దాన్నీ బీరువాలో పెట్టింది. మర్నాటి నుంచి నాకు వేపపుల్ల. పేస్టుతో తోముకుని బత్తాయి రసం తాగితే చేదుగా ఉండేది, ఆ లారిల్ సల్ఫేట్ చేసే పనే అదట. ఇప్పుడూ చేదుగానే ఉంటోంది, సోడియం లేదంతే.