అబ్సర్డ్ నాటకానికి లెక్క ఉంది

అర్థంపర్థం లేని మాటలు నాలుగు పేర్చేస్తే అబ్సర్డ్ నాటకం, అంటే బతుకులోని అర్థరాహిత్యాన్ని వాదించకుండా నాటకం తీరులోనే చూపే నాటకం, అయిపోతుందని ఒక అపోహ. రాసేవాళ్లలోనూ ఉంది, చూసేవాళ్లలోనూ ఉంది. నిజానికి ఇంత లెక్కగా రాసిన నాటకాలు అరుదు.

బతుకుకు అర్థం లేదన్న సంగతిని ఫ్రెంచ్ రచయితలు కామూ, సార్త్ర్ కూడా నాటకాల్లో చెప్పారు. అయితే వాళ్ల పాత్రలు దాన్ని చక్కటి వాక్యాల్లో, తర్కంతో వాదిస్తాయి. నాటకకర్తలు శామ్యూల్ బెకెట్, యూజీన్ అయొనెస్కో ఆ వాదన వదిలేసి నాటక నిర్మాణాన్నే మార్చేశారు. ఈ తేడాను 1961లో తన పుస్తకంలో విడమరిచి చెప్పినవాడు విమర్శకుడు మార్టిన్ ఎస్లిన్.

1953లో పారిస్‌లో ప్రదర్శించిన బెకెట్ నాటకం 'వెయిటింగ్ ఫర్ గోడో'నే చూడండి. ఇద్దరు దేశదిమ్మరులు ఒక చెట్టు దగ్గర గోడో కోసం ఎదురుచూస్తారు. అతను రాడు. రెండో అంకంలోనూ రాడు. ఒక్క అంకంతో ఆపేసి ఉంటే అది ఒక రోజు నిరాశ. రెండోసారీ అదే జరిగేసరికి, రేపూ ఇంతేనని ఎవరూ చెప్పకుండానే మనకు తెలిసిపోతుంది. పైగా ఏమీ మారలేదనడం తప్పు. మోడుగా ఉన్న చెట్టుకు నాలుగైదు ఆకులొచ్చాయి. ఆ దారిన వచ్చే యజమాని పొజ్జో గుడ్డివాడయ్యాడు, అతని నౌకరు లక్కీ మూగవాడయ్యాడు. కాలం తన పని తాను చేసుకుపోతోంది, ఎదురుచూపు మాత్రం ఉన్నచోటే ఉంది.

అయొనెస్కో పద్ధతి వేరు. ఇంగ్లిష్ నేర్పే వాచకంలోని వాక్యాల్లోంచి పుట్టిన 'ది బాల్డ్ సొప్రానో' (1950)లో ఒక జంట అపరిచితుల్లా మాట్లాడుకుంటుంది. ఒకే రైల్లో వచ్చాం, ఒకే ఇంట్లో ఉంటాం, నీ పాపకూ నా పాపకూ ఒక కన్ను తెలుపు, ఒకటి ఎరుపు. కాబట్టి మనం భార్యాభర్తలం అని తేల్చుకుంటారు. తర్వాత పనిమనిషి వచ్చి, ఆయన పాపకు కుడికన్ను తెల్లన, ఈమె పాపకు ఎడమకన్ను తెల్లన అని మనకు చెబుతుంది. అంతే, లెక్కంతా కూలిపోతుంది. ఇక్కడ తర్కం లేకపోవడం కాదు, తర్కం మరీ ఎక్కువైంది. నవ్వు వచ్చేదీ, భయం వేసేదీ అందుకే. బ్రిటిష్ నాటకకర్త హెరాల్డ్ పింటర్ దగ్గరికి వస్తే ఆ భయం మాటల మధ్య మౌనాల్లోకి చేరింది.

నా ఫిర్యాదల్లా దర్శకుల మీద. తత్వం అనగానే నటుల్ని నీరసంగా నడిపించి, ప్రతి మాటనూ సాగదీస్తారు. బెకెట్ 'గోడో' ఇంగ్లిష్ ప్రతికి ట్రాజికామెడీ (విషాదం, హాస్యం కలిసిన నాటకం) అని ఉపశీర్షిక పెట్టింది ఊరికే కాదు. అందులో టోపీలు మార్చుకునే ఆట మూకీ కామెడీల తరహాదే. చివర్లో ఉరేసుకోవడానికని ఆ దేశదిమ్మరుల్లో ఒకడైన ఎస్ట్రగాన్ నడుముకున్న తాడు విప్పితే ప్యాంటు జారిపోతుంది, లాగి చూస్తే ఆ తాడూ తెగుతుంది. అక్కడ హాల్లో ఎవరూ నవ్వలేదంటే దర్శకుడి లెక్క తప్పినట్టే.