ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలపమనే ఆ మెసేజ్‌ను దయచేసి ఆపండి

"కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతోందా? మెకానిక్‌తో పనిలేదు, ఈ ఆరు చిట్కాలు పాటించండి" అనే మెసేజ్ హన్మకొండ కాలనీ గ్రూపులో మొదలై, కాజీపేట స్నేహితుల దగ్గరికి, కరీంనగర్ చుట్టాల దగ్గరికి పోయి మళ్లీ మళ్లీ నాకే వస్తోంది. పంపేవాళ్లు మంచి చేద్దామనే పంపుతున్నారు. కానీ అందులో ఒక చిట్కా మనిషి ప్రాణం తీస్తుంది. అందుకే రాస్తున్నాను.

మొదటిది, "రీస్టార్ట్ అయితే వైరసే, ఫార్మాట్ కొట్టండి." 2003లో బ్లాస్టర్, మరుసటి ఏడాది సాసర్ అనే వైరస్‌లు నిమిషం గడువు చూపించి మరీ విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లను రీస్టార్ట్ చేసేవి. ఆ భయం ఇంకా పోలేదు. ఇప్పుడు ఫార్మాట్ కొడితే పిల్లల ఫొటోలు, ప్రాజెక్టు ఫైళ్లు పోతాయి, రీస్టార్ట్ మాత్రం పోదు. ముందు గమనించాల్సింది ఒకటుంది. కంప్యూటర్ ఆగిన క్షణంలో లైటు మినుకుమందా, ఫ్యాన్ నెమ్మదించిందా? అయితే సంగతి కరెంటుది. ఇంట్లో అన్నీ నిలకడగా ఉండి అదొక్కటే పడిపోతే విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ (కంప్యూటర్‌లో జరిగినవి నమోదయ్యే చోటు) తెరవండి. 'కెర్నల్ పవర్ 41' అని కనిపిస్తుంది. అది చూసి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపల కరెంటు అందించే పెట్టె) పోయిందని కొత్తది కొనకండి. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని తప్ప అది ఇంకేమీ చెప్పదు. వివరాల్లో బగ్‌చెక్ కోడ్ (క్రాష్‌కు విండోస్ ఇచ్చే నంబరు) సున్నా కాకుండా ఉంటే విండోస్ క్రాష్ అయినట్టు, కాబట్టి డ్రైవర్లు, ర్యామ్ చూడాలి. సున్నా ఉంటే వెనక ప్లగ్గు వదులైందేమో, యూపీఎస్ బ్యాటరీ, ఎస్‌ఎంపీఎస్, వేడి ఎలా ఉన్నాయో చూసుకోవాలి.

రెండోది, "రామగుండం పక్కనే ఉన్నాం కాబట్టి మనకు వోల్టేజీ ఎక్కువ, స్టెబిలైజర్ పెట్టండి." రామగుండం విద్యుత్ కేంద్రం కరెంటు 400 కిలోవోల్టుల లైన్ల మీద బయటికి పోతుంది. మన ఇంటికి వచ్చే వోల్టేజీ వీధి ట్రాన్స్‌ఫార్మర్‌ను, దాని మీద లోడును బట్టి ఉంటుంది. పైగా స్టెబిలైజర్‌లో బ్యాటరీ ఉండదు, కరెంటు పోతే కంప్యూటర్ పోవాల్సిందే.

ఇక మూడోది. "క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందా? ఎర్త్ నుంచి రివర్స్ కరెంటు వస్తోంది. ఎర్త్ పిన్ కోసేయండి, లేదా సాకెట్‌లో ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలపండి." ఇది రాసినవాళ్లకు ఎర్త్ ఎందుకుంటుందో తెలుసా? ఎస్‌ఎంపీఎస్‌లో ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి కలిపి ఉంటాయి. వాటి గుండా వచ్చే కొద్దిపాటి లీకేజీ ఎర్త్ వైరు ద్వారా భూమిలోకి పోవాలి. ఎర్త్ లేనప్పుడు బాడీ మీద 115 వోల్టుల దాకా నిలబడుతుంది, జిల్లుమనేది అదే. అంటే ఎర్త్ పనిచేయట్లేదని కంప్యూటర్ మొత్తుకుంటుంటే, ఉన్న ఆ ఒక్క దారినీ కోసేయమంటున్నారు! రేపు లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే 230 వోల్టులూ బాడీకి వచ్చి, ముట్టుకున్న మనిషి గుండా భూమిలోకి పోతాయి.

న్యూట్రల్‌కు కలపడం ఇంకా ఘోరం. మే నెల ఈదురుగాలులకు స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిందనుకోండి. ఫేజు మీ ఫ్యాన్ గుండానో బల్బు గుండానో న్యూట్రల్ వైరులోకి వచ్చి, ముందుకు పోయే దారిలేక అక్కడే నిలుస్తుంది. ఆ వైరును ఎర్త్ పిన్‌కు కలిపారు కాబట్టి ఆ సాకెట్‌లో పెట్టిన వస్తువు బాడీ మొత్తం ఫేజు అయిపోతుంది. వంటింట్లో ఫ్రిజ్‌కూ, బాత్‌రూమ్‌లో గీజర్‌కూ ఇలాగే కలిపి ఉంటే తడి చేతులతో వాటిని ముట్టుకునేది మన ఇంట్లోవాళ్లే. రిపేరు చేసినప్పుడు ఫేజు, న్యూట్రల్ తారుమారైతే గాలివాన కూడా అక్కర్లేదు. "ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రెండూ కలిపే ఉంటాయి కదా" అని వాదించేవాళ్లకు నా జవాబు: అవును, అక్కడ న్యూట్రల్‌ను ఎర్త్ గుంతల్లోకి దింపుతారు. మీ సాకెట్‌లో ఏ గుంత ఉంది? ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఇంటికి మంచి ఎర్తింగ్ వేయించండి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి.

నాలుగోది, "ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వేరే యూపీఎస్ దండగ." ఇది చాలావరకు నిజమే, ఒప్పుకుంటున్నాను. చాలా ఇన్వర్టర్ల మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది. మామూలు మోడ్‌లో కరెంటు పోయి బ్యాటరీ అందుకునే లోపు కంప్యూటర్ ఆగిపోవచ్చు. పూర్తి లోడు మీద చాలా ఎస్‌ఎంపీఎస్‌లు తట్టుకునేది దాదాపు 16, 17 మిల్లీసెకన్లే. యూపీఎస్ మోడ్‌లో పెడితే సాధారణంగా ఆ గడువులోపే మారిపోతుంది. ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టర్ (లైను కరెంటులాంటి కరెంటే ఇచ్చేది) కొని ఆ స్విచ్ సరిచూసుకుంటే వేరే యూపీఎస్‌కు డబ్బు పెట్టక్కర్లేదు.

ఐదోది, "ఎక్కువ వీఏ కొంటే ఎక్కువసేపు వస్తుంది." రాదు. ఎంత లోడు మోస్తుందో వీఏ చెబుతుంది, ఎంతసేపు వస్తుందో బ్యాటరీ చెబుతుంది. 600 వీఏ యూపీఎస్‌లో సాధారణంగా ఉండేది 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ, అంటే 84 వాట్-అవర్లు. ఫైల్ సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకోవడానికే అది. 150 ఆంపియర్-అవర్ ఇన్వర్టర్ బ్యాటరీలో 1800 వాట్-అవర్లు ఉంటాయి. కొత్తగా ఉన్నప్పుడు కంప్యూటర్‌నూ రెండు ఫ్యాన్లనూ నాలుగు గంటలు నడుపుతుంది. లేజర్ ప్రింటర్‌ను మాత్రం యూపీఎస్‌కు తగిలించకండి.

చివరిది, "బ్యాటరీలో బోరు నీళ్లు పోయండి." వద్దు. బోరు నీళ్లలోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి. డిస్టిల్డ్ వాటరే పోయాలి, యాసిడ్ కలపకూడదు. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి బ్యాటరీని మూసిన అల్మారాలో పెట్టకండి.

ఈ మెసేజ్ చూసి ఇప్పటికే సాకెట్‌లో ముక్క వైరు పెట్టించినవాళ్లు ఎవరైనా ఉంటే, ఇవాళే మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్‌తో తీయించండి. మీరు ఫార్వర్డ్ చేసిన గ్రూపులన్నింటిలోనూ ఈ మాట చెప్పండి.