రాత్రి విందుకి ప్యాంటా? అసలు పేచీ గుమ్మం దగ్గరే

ఫ్యాషన్ చరిత్ర మీద ఎక్కడ ఏం చదివినా ఒకటే కథ. 1966లో ఫ్రెంచ్ డిజైనర్ ఈవ్ సెయింట్ లారెంట్ మగవాళ్లు రాత్రి విందులకి వేసుకునే నల్లసూటుని, అంటే టక్సీడోని, ఆడవాళ్ల కొలతలకి కుట్టించాడు, 'ల స్మోకింగ్' అని పేరు పెట్టాడు, ఆడవాళ్లకి స్వేచ్ఛ వచ్చేసింది. వినడానికి బాగానే ఉంది కానీ ఆ స్వేచ్ఛ ఇచ్చింది ఆయనేనంటే నేను ఒప్పుకోను.

ఎందుకంటే అప్పటికి ఆడవాళ్లు ప్యాంటు వేసుకోవడం కొత్తేం కాదు. 1920ల చివరికే డబ్బున్న ఆడవాళ్లు ఫ్రాన్స్ దక్షిణ తీరంలో వదులు పైజమాల్లో బీచ్ వెంట తిరిగేవాళ్లు, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా, బ్రిటన్ ఫ్యాక్టరీల్లో లక్షల మంది ప్యాంట్లేసుకునే పనిచేశారు, ముఖం చిట్లించినవాళ్లు ఉన్నా పని మాత్రం ఆగలేదు. అంటే పనికైతే సరే, సరదాకైతే సరే. పొద్దుపోయాక పెద్ద హోటల్‌కో ఒపేరాకో వెళ్లాలంటే మాత్రం గౌనే వేసుకోవాలి. 1930లో నటి మార్లీన్ డీట్రిచ్ 'మొరాకో' సినిమాలో టక్సీడో వేసుకుంటే లోకమంతా నోరు తెరుచుకుని చూసింది, కానీ అది తెర మీద కాబట్టి చెల్లిపోయింది.

ఈ చిక్కుని తెలివిగా దాటింది, నా దృష్టిలో, సెయింట్ లారెంట్ కంటే ముందు ఇరీన్ గాలిట్సీన్. రోమ్‌లో పనిచేసిన ఈ డిజైనర్ 1960లో ఫ్లోరెన్స్‌లో 'పలాజో పైజమా' చూపించింది. మెత్తటి పట్టు, బాగా వెడల్పు కాళ్లు. నిలబడితే పొడుగు స్కర్టులాగే ఉంటుంది, నడిస్తేనే అది ప్యాంటని తెలుస్తుంది. అభ్యంతరం చెప్పేవాడు ఎక్కడ వేలు పెట్టి చూపిస్తాడు?

స్మోకింగ్ అలా దాక్కోలేదు. నల్లటి ఉన్ని, ప్యాంటుకి పక్కన పైనుంచి కిందిదాకా శాటిన్ పట్టీ, కోటు కాలర్‌కీ శాటినే, లోపల కుచ్చుల తెల్లచొక్కా. మగవాడి విందు సూటేనని దూరం నుంచే తెలిసిపోతుంది. మరి ఆయన దగ్గర కొలతలిచ్చి కుట్టించుకునే పెద్దింటి ఖాతాదారులు దాని జోలికి పెద్దగా వెళ్లలేదు. అదే ఏడాది సెప్టెంబరులో పారిస్‌లో ఆయన తెరిచిన 'రీవ్ గోష్' షాపులో తక్కువ ధరకి రెడీమేడ్‌గా పెడితే కుర్రకారు ఎగబడి కొన్నారు. అందుకే అంటున్నా, దాన్ని నిలబెట్టింది ఆ కొన్న అమ్మాయిలు. 2002లో రిటైరయ్యేదాకా ఆయన ప్రతి కలెక్షన్‌లో ఏదో ఒక రూపంలో స్మోకింగ్ పెడుతూనే ఉన్నాడంటే, అది అమ్ముడవుతోంది కాబట్టే.

కొన్నాక కూడా పేచీ తీరలేదు. న్యూయార్క్ సంపన్నురాలు నాన్ కెంప్నర్ 1960ల చివర్లో ఈ సూటుతో లా కోట్ బాస్క్ రెస్టారెంటుకి వెళ్తే ప్యాంటుతో లోపలికి రానివ్వలేదు. ఆవిడ అక్కడే ప్యాంటు విప్పేసి, కోటునే పొట్టి గౌనులా వేసుకుని దర్జాగా లోపలికి నడిచింది. తొడలు కనపడితే పరవాలేదు, కాళ్లు మొత్తం కప్పుకుంటే మర్యాద కాదు! 1972లో ఫ్రెంచ్ పార్లమెంటు దిగువ సభ దగ్గర మంత్రి సలహాదారు మిషెల్ ఆలియో మారీకీ ఇదే ఎదురైంది. ప్యాంటేనా మీ ఇబ్బంది, అయితే ఇప్పుడే తీసేస్తానంది. దారి ఇచ్చారు. ఇద్దరికీ మాట చెల్లింది హోదా ఉంది కాబట్టే; మామూలు టైపిస్టు అదే మాట అంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

పారిస్‌లో ఆడవాళ్లు మగబట్టలు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి కావాలని 1800లో ఒక ఉత్తర్వు ఉండేది. తర్వాత సడలించారు, ఎలాగంటే, చేతిలో సైకిల్ హ్యాండిలో గుర్రం కళ్లెమో ఉంటే ప్యాంటు వేసుకోవచ్చట. అది చెల్లదని ప్రభుత్వం అధికారికంగా చెప్పింది 2013లో. ఈలోగా మన హైదరాబాదీ ముస్లిం పెళ్లిళ్లలో వధువు చుడీదార్ పైజమా మీద ఖడా దుపట్టా వేసుకుని కూర్చునేది, అదే అన్నిటికన్నా గొప్ప ముస్తాబు.

ఇప్పుడు పాత బట్టలు వెతికి కొనేవాళ్లు రీవ్ గోష్ లేబుల్ కనిపిస్తే చాలు పర్సు తీసేస్తున్నారు. డబ్బు నాదైతే పలాజోకే పెడతాను. ఇంకో మాట, 1971లో రాక్ గాయకుడు మిక్ జాగర్‌తో పెళ్లికి బియాంకా జాగర్ వేసుకున్న తెల్లసూటు ఫొటో పెట్టి "ప్యాంటు సూటులో పెళ్లికూతురు" అని రాసేవాళ్లు కాస్త కిందికి కూడా చూడండి. అది స్కర్టు.