ఇంగ్లండ్ హై స్ట్రీట్‌లో బెట్టింగ్ షాపు: వంద సంతకాలు ఎందుకు చాలవు

"కౌన్సిల్ డబ్బుకు ఆశపడి లైసెన్సులు ఇస్తోంది, వంద సంతకాలు పంపితే ఆపక తప్పదు, ప్లానింగ్ అనుమతి ఎలాగూ అక్కర్లేదు." ఇంగ్లండ్‌లో ఊరి ప్రధాన బజారైన హై స్ట్రీట్‌లో వెలిసే బెట్టింగ్ షాపుల (పందేలు కాసే దుకాణాల) గురించి తరచూ తిరిగే ఈ మాటల్లో ఒక్కటీ నిజం కాదు. కౌన్సిల్ అంటే స్థానిక పాలక సంస్థ, ప్లానింగ్ అనుమతి అంటే భవనాన్ని ఫలానా పనికి వాడుకునే అనుమతి. వీటిని నమ్మి అభ్యంతరం చెప్పే అసలు గడువు పోగొట్టుకుంటున్నారు.

కొత్త లైసెన్సు దరఖాస్తుకు గరిష్ఠ ఫీజు 3,000 పౌండ్లు, ఆపైన ఏటా 600. అదీ కౌన్సిల్ ఖర్చుకు సరిపడా మాత్రమే ఉండాలి. దీని కోసం ఎవరూ ఆశపడరు. కౌన్సిల్ చేతులు కట్టేసింది 2005 గ్యాంబ్లింగ్ చట్టం. సెక్షన్ 153 ప్రకారం లైసెన్సింగ్ లక్ష్యాలకు భంగం లేకపోతే అనుమతివైపే మొగ్గాలి. "వీధిలో అయిదున్నాయి, ఆరోది ఎవరికి?" అనే గిరాకీ వాదనను లెక్కలోకి తీసుకోకూడదని కూడా అందులోనే ఉంది. లండన్‌లో ఈస్ట్‌హామ్ ఉన్న న్యూహామ్ కౌన్సిల్ ఒక షాపుకు లైసెన్సు నిరాకరిస్తే, కంపెనీ అప్పీలుకు వెళ్లి 2013లో మేజిస్ట్రేట్ కోర్టులో గెలిచింది. షాపులు పక్కపక్కనే వెలియడానికి ఇంకో కారణం లోపల పెట్టే జూదం మెషిన్లు. షాపుకు నాలుగే పెట్టాలి కాబట్టి కంపెనీలు షాపులనే పెంచాయి. ఆ మెషిన్లపై ఒక్కో పందెం పరిమితి 100 పౌండ్ల నుంచి 2కు తగ్గింది 2019 ఏప్రిల్‌లోనే.

సంతకాల విషయానికొస్తే, "జూదం చెడ్డది" అన్న నైతిక అభ్యంతరం చెల్లదు. నేరాల నివారణ, ఆటలో నిజాయితీ, పిల్లలతో పాటు బలహీనుల రక్షణ: లైసెన్సింగ్ లక్ష్యాలైన ఈ మూడింటికే విలువ. బడి వదిలే వేళ, గొడవలు జరిగిన తేదీలు, పోలీసు రిఫరెన్సు నంబర్లు రాయండి. కంపెనీ స్థానిక రిస్క్ అసెస్‌మెంట్ (ఆ చోట షాపు వల్ల వచ్చే ముప్పుల అంచనా) అడిగి, అందులో వదిలేసినవి చూపండి. దగ్గర్లో నివసించేవాళ్లు, వ్యాపారం ఉన్నవాళ్లు, లేదా వాళ్ల తరఫున కౌన్సిలర్ 28 రోజుల్లో రాయాలి.

ప్లానింగ్ అక్కర్లేదన్నది పాత సంగతి. ఒకప్పుడు ప్లానింగ్ నియమాల్లో బ్యాంకు, బెట్టింగ్ షాపు ఒకే వినియోగ తరగతిలో ఉండేవి. మూతపడ్డ బ్యాంకులో దరఖాస్తు లేకుండానే షాపు తెరిచేవారు. 2015 ఏప్రిల్ 15 నుంచి అనుమతి తప్పనిసరి. లోకల్ ప్లాన్‌లో (కౌన్సిల్ ప్లానింగ్ విధానాల పత్రంలో) దీనిపై విధానం ఉంటే, షాపులు ఒకేచోట గుమిగూడుతున్నాయన్న వాదన ఇక్కడ బలంగా నిలుస్తుంది. గడువు సాధారణంగా 21 రోజులు. లైసెన్సింగ్ కమిటీ ప్లానింగ్ విషయం చూడకూడదు, అందుకే ఉత్తరాలు రెండు విడివిడిగా వెళ్లాలి. అయితే పాత బెట్టింగ్ షాపునే మరో కంపెనీ తీసుకుంటే ప్లానింగ్ అనుమతి అడగరు. అప్పటికే నడుస్తున్న షాపుతో ఇబ్బందుంటే, సెక్షన్ 197 కింద లైసెన్సు సమీక్ష కోరుతూ దరఖాస్తు పెట్టుకోవచ్చు.