54కీ 54కీ తేడా చూడకుండా వాదించకండి

అమెరికా బేస్‌బాల్‌లో 1920లో బేబ్ రూత్ కొట్టిన హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్ లాంటి దెబ్బలు) 54. 2024లో షోహెయ్ ఒటానీవి కూడా 54. ఇంకేం, ఇద్దరూ సమానమని ఒక గుంపు, రూత్ ఈరోజు ఆడితే బంతిని తాకనైనా తాకలేడని ఇంకో గుంపు. 1920లో అమెరికన్ లీగ్‌లో (మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటి, రెండోది నేషనల్ లీగ్) రూత్ జట్టు కాక మిగతా ఏ జట్టూ మొత్తం కలిపినా 54 కొట్టలేదు. 2024లో ప్రతి జట్టూ వంద దాటింది. ముందు ఇది చూడండి బాబూ.

ఏ అంకెనైనా ఆ ఏటి లీగ్ సగటుతో భాగించాలి. 1930లో బిల్ టెర్రీ .401 కొట్టాడు (అంటే వెయ్యి ప్రయత్నాలకు 401 హిట్ల లెక్క), నేషనల్ లీగ్ సగటే .303. 1968లో కార్ల్ యాస్ట్రెమ్‌స్కీ .301తో అమెరికన్ లీగ్‌లో మొదటివాడు, అక్కడి సగటు .230. భాగించి చూస్తే టెర్రీ సగటు కన్నా 32 శాతం పైన, యాస్ట్రెమ్‌స్కీ 31. వంద పాయింట్ల తేడా ఆవిరైపోయింది! 1968లో పిచర్ (బంతి విసిరేవాడు) నిలబడే దిబ్బ ఎత్తు 15 అంగుళాలు, స్ట్రైక్ జోన్ (సరైన బంతిగా లెక్కించే పరిధి) పెద్దది. బ్యాటర్లు కుదేలయ్యారని 1969లో దిబ్బను 10 అంగుళాలకు దించారు, జోన్‌నూ కుదించారు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అసలు చిక్కు సగటులోనే ఉంది: ఆ సగటు ఎవరిది? 1947లో జాకీ రాబిన్సన్ వచ్చేదాకా మేజర్ లీగ్ దశాబ్దాలపాటు నల్లజాతి ఆటగాళ్లను గడప తొక్కనివ్వలేదు. జోష్ గిబ్సన్ లాంటి మేటి నల్లజాతి బ్యాటర్ బయటే ఉండిపోయాడు. పోటీకి వచ్చేవాళ్లు పెరిగేకొద్దీ అట్టడుగు ఆటగాడి స్థాయి పెరుగుతుంది, మేటి ఆటగాడికీ సగటు ఆటగాడికీ దూరం తగ్గుతుంది. ఈ రెండు లీగుల్లో .400 కొట్టేవాళ్లు 1941లో టెడ్ విలియమ్స్‌తో ఆగిపోవడానికి ఇదొక పెద్ద కారణం. కాబట్టి 1968 నాటి 31 శాతం 1930 నాటి 32 కన్నా కష్టం. నా ఓటు యాస్ట్రెమ్‌స్కీకే.

రెండో ప్రపంచ యుద్ధకాలపు అంకెల్ని ఇంకా అనుమానంగా చూడాలి, అసలు ఆటగాళ్లు చాలామంది సైన్యంలో ఉన్నారు. 1944లో సిన్సినాటి 15 ఏళ్ల కుర్రాడితో పిచింగ్ చేయించింది.

ఇక టైమ్ మెషిన్ వాదన. రూత్‌ను 1920 శిక్షణతోనే తెస్తారా, చిన్నప్పటి నుంచి ఇప్పటి కోచింగ్, తిండి, వీడియో ఇచ్చి తెస్తారా? మొదటిదైతే తేలిపోతాడు. అప్పట్లో సగానికి పైగా మ్యాచ్‌లను మొదలుపెట్టిన పిచరే ముగించేవాడు, అలసిన చేతిని నాలుగోసారి ఎదుర్కొనే వీలుండేది. ఇప్పుడు మ్యాచ్‌లోని తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఏడోదానికల్లా గంటకు 98 మైళ్లతో కొత్త చెయ్యి దిగుతుంది. రెండోదైతే అదే సదుపాయం టెర్రీకీ, గిబ్సన్‌కీ కూడా ఇచ్చి, అప్పుడు మాట్లాడండి.